ముప్పై రెండు వాకిళ్లు

మా అత్తయ్య ఏటా ధనుర్మాసానికి ఒక పుస్తకం కుడుతుంది. తెల్లవారితే నెలగంట పెడతారనగా, ముందురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక సూదీ దారం పట్టుకుని వసారాలో కూర్చుంటుంది. దీపాలు పెట్టే వేళకి పుస్తకం తయారవుతుంది. మర్నాటి నుంచి వాకిట్లో వేసిన ప్రతి ముగ్గూ అందులో ఒక పుటకి ఎక్కుతుంది.

డిసెంబరు 16న నెల మొదలైతే జనవరి 14న భోగి నాటికి 30 రోజులు నిండుతాయి. పండగరోజూ కనుమా కలిపితే 32. ఎనిమిది జోడు కాగితాలు మధ్యకి మడిస్తే 16 ఆకులు, 32 పుటలు. ఈ లెక్క ఎంత చక్కగా కుదిరిందో నాకు చాలా ఏళ్లకి గాని తట్టలేదు. రోజుకొకటి చేస్తానని పూనుకునే వాళ్లకి ముందు ఇలాంటి హద్దు ఒకటి ఉండాలని నా నమ్మకం. 2009లో అమెరికా చిత్రకారుడు జేక్ పార్కర్ మొదలుపెట్టిన, రోజుకో సిరాబొమ్మ గీసే ఇంక్టోబర్‌కీ అక్టోబరు 31 రోజులే హద్దు. మనకి ఆ హద్దు పంచాంగంలోనే ఉంది. అత్తయ్య దాన్ని దారంతో బిగించింది, అంతే.

కాగితాలు పిల్లల పాత లెక్కల నోటుబుక్కుల్లో మిగిలిపోయినవి. పిన్నులు ఊడదీస్తే గళ్ల కాగితాలు జోళ్లుగానే వస్తాయి. అట్ట కోసం దళసరి శుభలేఖలు దాచి ఉంచుతుంది. దాని మీద అంటించేది చిరిగిపోయిన మంగళగిరి నేతచీర ముక్క. చీర ముక్కని ఎలా కత్తిరిస్తుందో చూడాలి. సన్నటి నిజాం అంచు సరిగ్గా పుస్తకం వెన్నుమీదికి వచ్చేలా కొలుచుకుంటుంది. మైదా ఉడకబెట్టిన జిగురులో చిటికెడు మైలతుత్తం కలుపుతుంది, పురుగు పట్టకుండా. ఆ గిన్నె పని అయ్యేదాకా పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. బట్ట పరిచాక అరచేత్తో మధ్య నుంచి అంచులకి తోస్తూ గాలి బుడగలన్నీ బయటికి పంపుతుంది. మూలల్ని ఏటవాలుగా కత్తిరించి లోపలికి మడుస్తుంది కాబట్టి అక్కడ బట్ట గుట్టపడదు. ఈ అట్ట పని ఒకరోజు ముందే అయిపోతుంది. రాత్రంతా బియ్యం డబ్బా బరువు కింద ఆరాలి మరి.

ఇక కుట్టు. మడత మీద దబ్బనంతో మూడే మూడు బెజ్జాలు. నూలుదారం రెండు పోగులు తీసి కొవ్వొత్తి మీద లాగుతుంది, మైనం పట్టి దారం చిక్కుపడకుండా ఉంటుంది. సూది మధ్య బెజ్జంలోంచి బయటికి వెళుతుంది. పై బెజ్జంలోంచి లోపలికి వస్తుంది. లోపల మధ్య బెజ్జాన్ని దాటుకుని కింది బెజ్జంలోంచి మళ్లీ బయటికి, అక్కణ్నుంచి తిరిగి మధ్య బెజ్జంలోంచి లోపలికి. ఇప్పుడు దారం రెండు కొసలూ ఒకేచోట ఉంటాయి. లోపల నిలువుగా సాగిన పొడుగు కుట్టుకి అటొక కొస ఇటొక కొస ఉంచి ముడి వేస్తుంది. దాంతో ఆ పొడుగు కుట్టు కూడా ముడిలో ఇరుక్కుంటుంది, ఇక ఏ పుటా జారదు. బయట వెన్నుమీద రెండే కుట్లు, అవీ అంచు రంగులో కలిసిపోయి కనిపిస్తాయి.

“ముడి ఎక్కడ పడిందో పైకి తెలియకూడదే అమ్మడూ,” అంటుంది. వాకిట్లోనూ ఆవిడది ఇదే పట్టింపు.

తెల్లవారుజామున కళ్లాపి చల్లాక వెంటనే ముగ్గు పెట్టదు. నేల తడి మరీ ఎక్కువగా ఉంటే పిండి ముద్దకట్టి గీత లావవుతుంది, పూర్తిగా ఆరిపోతే పిండి నేలని పట్టదు, గాలికి లేచిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఒక అదను ఉంటుంది. కాలి బొటనవేలితో నేల నొక్కి చూసి ఆ అదను పట్టుకుంటుంది. నెల మొదట్లో చిన్నవే వేస్తుంది. 7 చుక్కలతో మొదలుపెట్టి 4 వచ్చేవరకు సందు చుక్క, అంటే మొత్తం 37 చుక్కలు. పండగ దగ్గరపడేకొద్దీ 15 చుక్కల ముగ్గులోకి వస్తుంది. 15 నుంచి 8 వచ్చేవరకు పైకీ కిందికీ సందు చుక్క పెడితే 169 చుక్కలు.

ఆ 169 చుక్కల్లోనే ఆవిడ పనితనమంతా ఉందని నాకనిపిస్తుంది. మధ్య వరుస 15 చుక్కలూ బెత్తెడు ఎడంతో పెడుతుంది, అంటే నాలుగువేళ్ల ఎడం. పై వరుసకి వెళ్లినప్పుడు మాత్రం అదే బెత్తెడు పైకి జరగదు. మూడున్నర వేళ్లే జరుగుతుంది. ఎందుకని అడిగితే “అలా అయితేనే చుక్క నిలబడుతుంది,” అంది. ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. సమబాహు త్రిభుజంలో భుజం 4 అయితే ఎత్తు దాదాపు 3.46. ఆ అరవేలు తగ్గించకపోతే ముగ్గు నిలువునా సాగిపోతుంది, పువ్వు రేకులు ఆరూ ఒక్కలా రావు. త్రికోణమితి చదవని ఆ వేళ్లకి ఈ కొలత ఏళ్ల తరబడి వేయడంలోనే పట్టుబడింది.

మెలికల ముగ్గుల్లో ఆవిడకి ఇంకో సంగతి తెలుసు. వరుసకి 4 చొప్పున 4 వరుసలు పెట్టి, ఏటవాలుగా చుక్కల్ని చుట్టుకుంటూ పోతే గీత నాలుగు ముక్కలవుతుంది. 4 వరుసలకి వరుసకి 5 చుక్కలు పెడితే మాత్రం 20 చుక్కలనీ ఒకే గీత చుట్టి బయలుదేరిన చోటికే వస్తుంది. 4కీ 5కీ ఉమ్మడి భాజకం ఒకటే కావడం అందుకు కారణం. తమిళుల ముగ్గులైన కోలాల్లోనూ ఇలాంటి మర్మాలు ఉన్నాయి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమనీ, ఆయనతోపాటు రాణీ సిరొమనీ, కమలా కృతివాసన్ 1974లో కోలాల మీద పరిశోధన వ్యాసం రాశారు. అత్తయ్య పుస్తకంలో ఈ రకం ముగ్గుల పక్కన చిన్న సున్నా చుట్టి ఉంటుంది. ‘ఒక్క గీత’ అని దాని గుర్తు.

ఆ ఒక్క గీత కలిసే చోటు కోసం నేను వాకిట్లో వంగి చాలాసార్లు వెతికాను. మామూలుగా అక్కడ పిండి రెండుసార్లు పడి బొడిపెలా తేలుతుంది. ఆవిడ మొదలుపెట్టేటప్పుడే పిండిని పలచగా వదులుతుంది, తిరిగొచ్చేసరికి బొటనవేలూ చూపుడువేలూ మెల్లగా దగ్గరపరుస్తుంది. పలచనా పలచనా కలిసి మిగతా గీతంత లావే అవుతుంది. గొట్టాలతో, అచ్చులతో వేసే ముగ్గులు అందంగానే ఉంటాయి గాని, ఈ కలయిక వాటిలో దొరకదు.

అన్ని పుటలూ నిండుగా ఉండవు. ఒక ఏటి పుస్తకంలో తొమ్మిదో పుట మీద చుక్కలు మాత్రమే ఉన్నాయి. కింద ‘వాన’ అని రాసి ఉంది. ఆ రోజు చుక్కలు పెట్టగానే జల్లు పడింది. ఎంతవరకు అయిందో అంతే ఎక్కించింది, తర్వాత తీరిగ్గా గీతలు కలిపి పూర్తిచేయలేదు. నాకు ఆ పుట అంటే ప్రాణం. ఇంకో పుట అంచున పసుపు మరక. ఆ రోజు గొబ్బెమ్మలకి పసుపూ కుంకుమా పెట్టి, చేయి కడుక్కోకుండానే పెన్సిలు పట్టుకుందట. ఆ గొబ్బెమ్మలు గోడకెక్కి, పిడకలై, దండలై భోగిమంటలోకి వెళ్లిపోయాయి. ముగ్గు మర్నాటి కళ్లాపిలో పోయింది. మరక ఉంది.

నిరుడు నేనూ ఒక పుస్తకం కుట్టుకున్నాను. హైదరాబాదులో మా ఫ్లాటు గుమ్మం ముందు రెండడుగుల చోటే ఉంది, కాబట్టి 37 చుక్కలు దాటలేదు. నా కుట్టు కాస్త వదులుగా వచ్చింది. కనుమకి ఊరెళ్లినప్పుడు అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, మధ్య పుట విప్పి, ముడిని గోటితో ఒకసారి కదిపి చూసింది. “దారం తడిపి లాగాల్సింది. వచ్చే ఏడు చూపిస్తాలే,” అంది.

తర్వాత తన పుస్తకం తీసి 32వ పుట మీద రథం వేయడం మొదలుపెట్టింది. మా వైపు కనుమ నాడు రథం వేసి, దాని తాడుని పక్కింటి రథం దాకా లాగుతారు. అలా వీధంతా ఒకే తాడు మీద ఉంటుంది. అత్తయ్య రథం తాడు గళ్లన్నీ దాటి, కాగితం అంచు దాటి, వెనక అట్ట లోపలి వైపు శుభలేఖ అక్షరాల మీదుగా చీర మడత దాకా వెళ్లింది. అక్కడ పెన్సిలు ఆపి, ముగ్గుగిన్నె అందుకుని లేచింది. వాకిట్లోకి వచ్చేసరికి పక్కింటి వాళ్ల రథం తాడు మా గోడ చివరిదాకా వచ్చి ఆగి ఉంది.