కురులలోని రసాయనము

బ్యూటీ పార్లరు అద్దముల తళుకును, అత్తరుల పరిమళమును మాత్రమే చూచి, ఆ వృత్తిని తేలికగా నెంచువారు మనలో పెక్కురు గలరు. అచ్చట శ్రద్ధగా పనిచేయు స్త్రీ రసాయనశాస్త్రమును వ్రేళ్ల కొనల నిలుపుకొన్నదని వారెఱుగరు.

కురులకు నొక్కులు దీర్పగోరి యొక యువతి వచ్చినప్పుడు, ఆమె జుట్టును పాయలుగా విడదీసి, సన్నని గొట్టములకు చుట్టి, థయోగ్లైకొలేటు ద్రావణము నద్దగా, వెండ్రుకలోని కెరాటిను పోగులను ఒండొంటితో బంధించియున్న గంధకపు ముడులు సడలును. పిమ్మట నీటితో కడిగి హైడ్రొజన్ పెరాక్సైడు పట్టింపగా, అవే ముడులు క్రొత్త వంపునకు తగినట్లు మరల బిగియును. మందు పూయుట యెవరికైనను సాధ్యమే. నడుమ నొక పాయను మెల్లగా విప్పి, వంపు కుదిరినదో లేదో కనిపెట్టి, వెండ్రుక చివికిపోకమునుపే ఆపగలుగుట నేర్పరులకే చెల్లును.

1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన పి.హెచ్. కొలమానము పార్లరున పనిచేయు ఆ స్త్రీకి నిత్యవ్యవహారము. అందొక్క మెట్టు మారిన ఆమ్లత పదింతలు మారును. కావుననే, 5 దాపున నుండు చర్మమును 9 దాటిన సబ్బు పొడిబార్చుననియు, కంటబడిన మంట పుట్టించు మన కుంకుడురసము మాత్రము సపోనినులచే నురుగునిచ్చుచునే క్షారదోషము లేక తలకు హితవగుననియు ఆమె యెఱుగును.

తలకు రంగు వేయుటకు 48 గంటల ముందే చెవి వెనుక చుక్కయద్ది పరీక్షించి, దద్దురు లేచినచో వచ్చిన బేరమును సైతము వదలుకొను నామె విద్య వైద్యమునకు చుట్టమనుట అతిశయోక్తి గాదు.