నిండినట్టు చూపిన బ్యాటరీ

"మామా, బ్యాటరీ నిండినట్టే చూపిస్తున్నది. బండి మాత్రం కదుల్తలేదు" అన్నాడు మా మేనల్లుడు. మంథని శివారులో పొలం గట్టు మీద మా నాలుగు చక్రాల రోబో బండి ఆగిపోయింది. పైన 50 వాట్ల సోలార్ పలక, కింద 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, నడుమ చార్జ్ కంట్రోలర్. ఆ కంట్రోలర్ చెప్పే వోల్టేజీనే రోబోకు పవర్ సెన్సరుగా పెట్టుకున్నాం.

తప్పు అక్కడే జరిగింది. ఎండ పడుతున్నంతసేపూ పలక నెట్టే కరెంటుతో వోల్టేజీ పైకే ఉంటుంది. సగం ఖాళీ అయిన బ్యాటరీ కూడా అప్పుడు నిండినట్టే కనబడుతుంది. మోటారు లాగగానే ఆ వోల్టేజీ ఒక్కసారిగా కుంగిపోతుంది. పలక నుంచి ఎంత వచ్చిందో కంట్రోలర్‌కు తెలుసు. బ్యాటరీ నుంచి నేరుగా మోటార్లకు పోయేది దాని కంటబడదు. చిన్న కంట్రోలర్ల లోడు పాయింటుకు మోటార్లను మోసే బలం ఉండదు, అందుకే నేరుగా కలుపుతాం. కాబట్టి బ్యాటరీ నెగెటివ్ తీగలో ఒక షంట్, అంటే కరెంటును కొలిచే చిన్న నిరోధకం, వేయాల్సిందే. వచ్చేదీ పోయేదీ రెండూ దాని గుండానే నడవాలి.

రాబడి లెక్క కూడా పలక మీద రాసినట్టు ఉండదు. 25 డిగ్రీలు దాటాక పలక ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. మన వేసవిలో పలక 65 డిగ్రీలకు కాగితే ఆరో వంతు పోయినట్టే. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద తేలుతున్న 100 మెగావాట్ల సోలార్ కేంద్రానికి నీటి చల్లదనం ఒక వరం. 2022 జూలై 1 నుంచి అది పూర్తి సామర్థ్యంతో నడుస్తోంది. మన పొలం గట్టు మీద ఆ చల్లదనం ఎక్కడిది?

ఇక ఈ అంకెలు రోబోకు చేరే దారి. విక్ట్రాన్ కంపెనీ లాంటి కంట్రోలర్లు సెకనుకోసారి వోల్టేజీ లెక్క పంపుతాయి, అదీ మిల్లీవోల్టుల్లో. వెయ్యితో భాగించాకే రోబోకు ఇవ్వాలి. రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్ఓఎస్‌లోని బ్యాటరీ సందేశంలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది: కొలవని చోట సున్నా పెట్టకూడదు, 'నాన్' అని రాయాలి. అంటే అక్కడ అంకె లేదని ఒప్పుకోవడం. సున్నా అంటే కొలిచి చెప్పిన మాట. మేము ఆ సందేశంలో చార్జ్ ఎంత ఉందో చెప్పే శాతం గడిలో వోల్టేజీని బట్టి ఊహించిన అంకె నింపాం, రోబో దాన్ని నమ్మింది.

సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ కాలేజీ పిల్లలు ఇలాంటి బండి కడితే ఒక్క మాట: షంట్ బిగించేదాకా ఆ శాతం గడిలో 'నాన్' అనే ఉంచండి.