ఇరవై ఐదు అంకెల పనితనం

3608528850368400786036725. చదవబోతే లక్షలూ కోట్లూ చాలవు. అయినా ఇందులో చూడాల్సింది పరిమాణం కాదు. ఎడమవైపు నుంచి ఒక్కో అంకే తీసుకుంటూ రండి. 36ని 2తో, 360ని 3తో, 3608ని 4తో, 36085ని 5తో భాగించండి, శేషం ఉండదు. ఎన్ని అంకెలు తీసుకుంటే అన్నింటితో భాగం పోతుంది, చివరి 25 దాకా. ఈ గుణం ఉన్న సంఖ్యలన్నిటిలో ఇదే పెద్దది.

పదో స్థానం వరకు పెద్ద కష్టమేమీ లేదు. ఉన్న సంఖ్య పక్కన 0 నుంచి 9 దాకా పెట్టి చూస్తే వరసగా పది సంఖ్యలొస్తాయి. వాటిలో 7 గుణిజమో 9 గుణిజమో ఒకటైనా ఉండి తీరాలి. పదకొండు దగ్గర ఆ భరోసా పోతుంది. 3608528850 పక్కన ఏం పెట్టాలి? బళ్లో నేర్పిన సూత్రం చాలు. బేసి స్థానాల అంకెలు కూడితే 21, సరి స్థానాలవి కూడితే 24. కొరవ 3. ఆ 3 పెట్టగానే రెండువైపులా 24. ఆ కొరవ 10 అయి ఉంటే కథ అక్కడే ముగిసేది, పదిని ఒక్క అంకెగా రాయలేం కదా!

ఒకసారి వేసిన ఇటుకను మళ్లీ కదపరాదన్నది ఇక్కడి నియమం. 9 అంకెల దగ్గర ఇలాంటి సంఖ్యలు 2492. పదో స్థానంలో సున్నా తప్ప మరోటి కుదరదు కాబట్టి 10 అంకెలవీ అన్నే. ఆపైన తరుగుడే. 20 అంకెలకు 44, 23కు 6, 24కు 3, 25కు ఒక్కటి.

ఆ చివరి మలుపు చూడండి. 24వ అంకె 2. అక్కడిదాకా తీసుకుంటే చివరి మూడంకెలు 672, అది 8తో పోతుంది. మొత్తం అంకెలు కూడితే 105, అది 3తో పోతుంది. అంటే 24తోనూ పోతుంది. 25తో పోవాలంటే సంఖ్య చివర 00, 25, 50, 75లలో ఏదో ఒకటి ఉండాలి. 24వ అంకె సరి అంకె కాక తప్పదు కనుక అది 0 గానీ 2 గానీ అయితేనే ముందుకు దారి. 24 కోసం వేసిన 2 ఇక్కడా పనికొచ్చింది.

రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీకి ఇలాంటివి గిట్టవు. 8712, 9801 తమను తిరగేసి రాసిన సంఖ్యలకు గుణిజాలు కావడాన్ని 1940 నాటి ‘ఎ మ్యాథమెటీషియన్స్ అపాలజీ’లో ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. ఒక లెక్కన న్యాయమే. మన సంఖ్యనే కంప్యూటరు వాడే 0, 1ల పద్ధతిలో రాస్తే ఈ సొగసేమీ మిగలదు. కానీ లోతు లేనంత మాత్రాన పనితనం లేదనడం నాకు నచ్చదు. ఇంత ఇరుకు నియమంలో ఇంత దూరం రావడం చిన్న సంగతి కాదు.

26వ అంకెకు ఎందుకు చోటు లేదో కాగితం మీదే తేల్చవచ్చు. ఈ సంఖ్యను 13తో భాగిస్తే శేషం 9. పక్కన సున్నా చేరిస్తే శేషం 12. ఇంకొక్కటి చాలు. 1 పెడితే 13తో చక్కగా పోతుంది, కానీ 26 గుణిజం బేసి కాకూడదు. దాని తర్వాత 13కు పనికొచ్చేది 14.