ప్లేట్ల లెక్క

"ఏటి బాబూ, ఎంతెత్తించావేటి ఈవిడ చేత?" అన్నారాయన, నేనిచ్చిన టీషర్ట్‌ని బల్ల మీద పరుచుకుని. శ్రీకాకుళం వైపు ఏళ్ల తరబడి పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిన మాస్టారు. బొమ్మలోని ప్లేట్లని వేలితో తాకుతూ లెక్క కట్టడం మొదలెట్టారు. ఎరుపు 25, నీలం 20, పసుపు 15, పచ్చ 10. ఒక పక్క 70, రెండు పక్కలా 140. ఆడవాళ్ల బారు 15. ప్లేట్లు జారకుండా బిగించే కాలర్లు రెండూ కలిపి 5.

"నూట అరవై! ఆవేళ సిడ్నీలో ఇంత బరువు ఎవరెత్తారో చెప్పు."

ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తించాను, ఆ నాలుగు రంగులూ పక్కపక్కనుంటే కంటికి బాగుంటాయని.

ఆటల దుస్తులు చేసే ఒక కంపెనీకి కథలు చెప్పే టీషర్ట్‌లు గీయడం నా పని. చొక్కాకో కథ. మొదటి కథ ఎవరిదో ఆలోచించాల్సిన పనే లేకపోయింది. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ, 69 కిలోల విభాగం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదలు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ ఏడు దేశం మొత్తానికీ దక్కిన పతకం అదొక్కటే.

పేరూ ముఖమూ వాడాలంటే ఆవిడ అనుమతి కావాలి, ఒప్పందం కావాలి. నాకు మాత్రం ముఖం లేకపోవడమే నయమనిపించింది. ముఖం అచ్చేసిన టీషర్ట్ అంటే నా దృష్టిలో అభిమాన సంఘం ఫ్లెక్సీకి తమ్ముడు. తొడుక్కున్నవాడి పొట్టని బట్టి బుగ్గలు సాగుతాయి, ఇరవై ఉతుకులకి ముక్కు మీద ఇంకు బీటలు వారుతుంది.

అందుకని మనిషిని గీయలేదు. క్లీన్‌లో బారు పైకి లేచి, గొంతు కింద, భుజాల మీద ఒక్క క్షణం ఆగుతుంది. ఆ బారునే టీషర్ట్ మీద సరిగ్గా అక్కడ, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వేశాను. ప్లేట్లు చేతుల మీదికి వస్తాయి. తొడుక్కుంటే చాలు, బరువు వాళ్ల మీదే ఉంటుంది.

మాస్టారు పెన్ను తీసుకుని నా బొమ్మ పక్కనే అసలు లెక్క వేశారు. 130లో బారూ కాలర్లూ తీసేస్తే 110. పక్కకి 55. అంటే రెండు ఎర్రవి, ఒక అయిదు కిలోలది. అంతే. మా చొక్కా రంగు ఎలాగూ ఎరుపే. ఎర్ర గుడ్డ మీద ఎర్ర ప్లేటుకి రంగెందుకు? చుట్టూ తెల్లగీత గీస్తే సరి, లోపలి ఎరుపు చొక్కాయే ఇస్తుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్ కావాలి. నాలుగు రంగుల ముస్తాబు కాస్తా ఒక్క తెలుపుకి దిగింది. ఇంత శుభ్రమైన బొమ్మ నా అంతట నాకు తట్టేది కాదు.

ఆ తెలుపు మాత్రం ఏడిపించింది. తిరుప్పూరు నుంచి వచ్చిన శాంపిల్ మల్లెపువ్వులా ఉంది. వారం తర్వాత అదే పెట్టె విప్పితే బారు గులాబీ రంగుకి తిరిగింది! చెమట తొందరగా ఆరాలని ఆటల చొక్కాలకి పాలిస్టర్ వాడతారు. ఇంకు గట్టిపడడానికి 160 డిగ్రీల దాకా వేడి పెడితే, పాలిస్టర్‌లోని ఎర్రరంగు ఆవిరై ఇంకులోకి ఎక్కుతుంది. ఒక్కోసారి వెంటనే బయటపడదు, రోజుల తర్వాత తేలుతుంది. దానికి విరుగుడు తెలుపు కింద రంగుని ఆపే బూడిదరంగు పూత. పూత మందమయ్యేసరికి గొంతు కింద అట్ట అతికించినట్టయింది. గాలి ఆడదు, చెమట ఆరదు. అలాంటిది వేసుకుని పరిగెత్తేవాడు నన్ను తిట్టుకోడూ?

అప్పుడు బారుని మళ్లీ చూశాను. పట్టు జారకుండా దాని మీద గరుకు చెక్కి ఉంటుంది కదా, అడ్డదిడ్డపు సన్నగీతలతో. నిండుగా పూసిన తెలుపు తీసేసి ఆ గరుకునే చుక్కలుగా వేశాను. చుక్కకీ చుక్కకీ మధ్య గుడ్డ ఊపిరి పీల్చుకుంటుంది. దగ్గరికొచ్చి చూసినవాళ్లకి అది ఇనుమని తెలుస్తుంది.

ఇంకో అంకె మిగిలిపోయింది. 130 తర్వాత ఆవిడ 137.5 అడిగింది. లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, బంగారం గెలిచిన చైనా అమ్మాయి మొత్తం 242.5. లేవలేదు. ఆ అంకె రొమ్ము మీద వేయడానికి నాకు చెయ్యి రాలేదు, వదిలేయడానికీ మనసొప్పలేదు. ఈమధ్య మెడ దగ్గర లేబుల్ కుట్టకుండా సైజూ, ఉతికే పద్ధతీ గుడ్డ లోపలే అచ్చేస్తున్నారు. వాటి కింద చిన్నగా 137.5 అని పెట్టాను. తొడుక్కునేవాళ్లకి తప్ప ఎవరికీ కనపడదు.

రెండో శాంపిల్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. మాస్టారు ముందు ప్లేట్లు లెక్కపెట్టారు. తర్వాత మెడ తిరగేసి, కళ్లజోడు పైకి నెట్టి, ఆ అంకెని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

"నా సైజుందా?" అన్నారు చివరికి.

సంచిలో డబుల్ ఎక్సెల్ ఒకటుంది. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. కుట్టకముందే ముక్కల మీద అచ్చేసి తర్వాత కలుపుతాం కాబట్టి ప్లేట్లు చేతుల మీద ఉండాల్సిన చోటే ఉన్నాయి. బారు మాత్రం అన్ని సైజులకీ ఒకే స్క్రీన్‌తో వేసినది. ఆయన భుజాల దాకా రాకుండా రెండు పక్కలా అంగుళం ముందే ఆగిపోయింది.

"బారు చాల్లేదు బాబూ" అన్నారు.

పెద్ద సైజులకి వేరే స్క్రీన్ చేయించాలని కంపెనీకి రాశాను. ఖర్చు లెక్క వేసి చెబుతామన్నారు.