చిగురుకు తేదీ వేసేవాళ్లు

ఇంగ్లండులో సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అని ఓ పాదిరీగారు ఉండేవాడు. 1780లో మేనత్త చనిపోతే ఆవిడ పెంచుకున్న ముసలి తాబేలు ఆయన వాటాకు వచ్చింది. పేరు తిమోతి. చలికాలమంతా మట్టిలో దూరి పడుకునే ఆ జీవి ఏ ఏడు ఏ తేదీన తల బయటపెట్టిందో, ఎప్పుడు మేత ముట్టిందో ఆయన రాసిపెట్టుకున్నాడు. ఒక ఏడాదో రెండేళ్లో కాదు, 1793లో తాను కన్నుమూసేదాకా. తాబేలు లేచిన తేదీ ఎవరికి కావాలి అని మీరు అడగొచ్చు. నాకు కావాలి. ఏటా ఎండలు ముదిరే ముందు కొత్త నోట్‌బుక్కు కొని, మొదటి పేజీలో ‘ఈ ఏడాది నా లక్ష్యాలు’ అని గీత కొట్టి, ఆ కిందేమీ తోచక పెన్ను కొరుక్కునే ప్రతివాడికీ కావాలి.

వసంతంలో డైరీ పట్టుకుని తనను తాను చూసుకోవడం పాత విద్య. ఆ విద్యలో ఆరితేరిన వాళ్లెవరూ ‘నేను’ అనే మాటతో మొదలుపెట్టలేదు. ముందు పెరడు, తర్వాత ఆకాశం, ఆ తర్వాతే మనసు. ఈ వరస తప్పితే రాసేది డైరీ కాదు, ప్రమాణపత్రం. ప్రమాణాలు ఎన్నాళ్లు నిలుస్తాయో మనకు తెలియనిదా!

వైట్ కన్నా ముందే, 1736లో, నార్ఫక్ జిల్లాలో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి వసంత సూచనలంటూ 27 గుర్తులు ఎంచుకున్నాడు. ఏ చెట్టు మొదట చిగురించింది, ఏ పిట్ట మొదట కూసింది, కప్పలు ఏ రోజు బెకబెకలాడాయి, ఇలాంటివి. ఆయన పోయాక కొడుకులు, మనవలు, వాళ్ల మనవలు అదే పట్టిక నింపుతూ వచ్చారు. 1958 దాకా! ఒకే కుటుంబం, రెండు శతాబ్దాలకు పైగా, చిగురుకు తేదీ వేస్తూ కూర్చుంది. మన జమీందారీ కుటుంబాలు కోర్టు దావాలు తప్ప ఇంత కాలం దేన్ని నడిపాయో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇంత చెప్పినా నాది థోరో పార్టీయే. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1837 అక్టోబర్ 22న, ఇరవయ్యేళ్ల వయసులో డైరీ మొదలుపెట్టాడు. రాస్తున్నావా అని అడిగి ముగ్గులోకి దింపింది ఆయన గురువు ఎమర్సనే అంటారు. 1861 దాకా రాసింది దాదాపు 20 లక్షల మాటలు. ఎన్ని మాటలన్నది పక్కన పెట్టండి, పనితనం చూడండి. జేబులో కాగితం, పెన్సిలు పెట్టుకుని బయల్దేరేవాడు (వాళ్ల ఇంటి వ్యాపారమే పెన్సిళ్లు). నడుస్తూ పొడిపొడి మాటలు గీకేవాడు. మర్నాడో, మూడోనాడో ఇంట్లో కూర్చుని ఆ పొడి మాటల్ని సిరాతో తీరిగ్గా విస్తరించేవాడు. రెండు అంచెల రాత అన్నమాట. కళ్లు చూసింది పెన్సిలుతో, మనసు చూసింది సిరాతో. ఆ రెంటి నడుమ గడిచిన రాత్రి ఉంది చూశారూ, ఆ రాత్రి చేసే పని ఏ పెద్ద రచయితా చేయలేడు. అప్పటికప్పుడు ఉప్పొంగినది సగం చల్లారిపోతుంది. మిగిలిందే నిజం.

‘వాల్డెన్’ పుస్తకంలో వసంతం అధ్యాయం తెరవండి. వాల్డెన్ సరస్సు మంచు పూర్తిగా కరిగిన తేదీలు వరసగా ఉంటాయి. 1845లో ఏప్రిల్ 1, 1846లో మార్చి 25, 1847లో ఏప్రిల్ 8, 1852లో ఏప్రిల్ 18. అంత కవిత్వం నడుమ పంచాంగం లాంటి ఈ లెక్కేమిటని విసుక్కునే పాఠకులు ఉన్నారు. నాకు మాత్రం పుస్తకంలో ప్రాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది. వసంతం ఒక ఏడాది వారం ముందొస్తుంది, ఇంకో ఏడాది మూడు వారాలు ఆలస్యం చేస్తుంది. ఆ సంగతి కాగితం మీద చూసుకున్నవాడు తన ఆలస్యాల్ని కూడా కాస్త దయగా చూసుకుంటాడు.

చివరి ఏళ్లలో థోరో ఇంకో పని చేశాడు. పాత డైరీలన్నీ తిరగేసి, ఏప్రిల్‌కు ఒక పెద్ద పట్టిక, మే నెలకు ఒకటి చొప్పున గీశాడు. ఒకవైపు సంవత్సరాలు, రెండోవైపు తొలి ఆకు, తొలి పువ్వు, వాన, వరద. క్షయతో 1862 మే 6న పోయాడు. అప్పటికి 44 ఏళ్లే. ఆ కాగితాలు వృథా పోలేదు. బోస్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త రిచర్డ్ ప్రైమాక్, ఆయన దగ్గర పనిచేసిన ఏబ్రహాం మిల్లర్-రషింగ్ థోరో ఉన్న కాంకర్డ్ ఊళ్లోనే అవే పూల కోసం మళ్లీ తిరిగారు. 43 రకాల మామూలు మొక్కలు థోరో కాలం కన్నా సగటున 7 రోజులు ముందుగా పూస్తున్నాయని 2008లో తేల్చారు. ఒక్క మనిషి ఆత్మపరిశీలన నూటయాభై ఏళ్ల తర్వాత భూగోళానికి జ్వరం చూసే థర్మామీటరైంది. డైరీ రాయడం సొంత గోల అనేవాళ్లకు ఇది వినిపించండి.

ఒక్క రోజు రాతలో మాత్రం డొరొతీ వర్డ్స్‌వర్త్‌ను మించినవాళ్లు లేరు. ఇక్కడ నేను థోరోను కూడా పక్కన పెడతాను. 1802 ఏప్రిల్ 15, గురువారం. కవి అయిన అన్న విలియమ్‌తో అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఈదురుగాలిలో నడుస్తోంది. డాఫొడిల్ పూలు మొదట రెండో మూడో కనిపించాయి, పోనుపోను ఒడ్డు పొడుగునా బారులు తీరాయి. అలసిపోయి రాళ్ల మీద తల వాల్చిన పూలను కూడా ఆవిడ వదల్లేదు. ఆ రాత్రి సత్రంలో తిన్న పంది మాంసం, బంగాళాదుంపల ముచ్చటా అదే చోట రాసింది. పువ్వు పక్కనే భోజనం! అదీ డైరీ అంటే. రెండేళ్లకు అన్నగారు దాని మీద పద్యం కట్టాడు, 1807లో అచ్చయింది, లోకమంతా బట్టీపట్టింది. ఆ పద్యంలో ఆయన మబ్బులా ఒంటరిగా తిరిగాడట. పక్కన నడిచిన చెల్లెలు ఏమైపోయింది? ఆవిడ డైరీ పుస్తకంగా బయటికి రావడానికే 1897 దాకా పట్టింది. మన బడిపిల్లలకు ఆ పద్యం నేర్పే పంతుళ్లు చెల్లెలి పేరు కూడా చెప్పాలని నా పోరు.

పద్ధతి సంగతికొద్దాం. మన దగ్గర చేయదలచినవాళ్లకు రెండు తేదీలు తప్పవు. ఉగాది చంద్రుణ్ని పట్టుకుని నడుస్తుంది: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. వేపచెట్టు తిథి చూసుకుని పూయదు. అందుకే రాసే పేజీకి ఇంగ్లీషు తేదీ ఒకటి, కార్తె ఒకటి వేసుకోమంటాను. కార్తె సూర్యుడి లెక్క, పదమూడు పద్నాలుగు రోజుల ముక్క. మార్చి మూడో వారంలో ఉత్తరాభాద్ర, నెలాఖరుకు రేవతి, ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో అశ్విని, 27కు భరణి, మే 11కు కృత్తిక. రోహిణిలో రోళ్లు పగిలేలోపు మన వసంతం మొత్తం ఈ అయిదు గదుల్లో సరిపోతుంది. రైతు ఎప్పటినుంచో వాడుతున్న కొలత ఇది. దీన్ని వదిలేసి ఎవరో అచ్చేసిన వారాల గళ్లలో వసంతాన్ని కుక్కడమెందుకు?

ఒక్కో కార్తెకు నోట్‌బుక్కులో ఎదురెదురుగా రెండు పేజీలు. కుడిపక్క ఈ ఏడాది చూసింది. ఎడమపక్క ఖాళీ. బూరుగు చెట్టు ఆకు లేకుండా ఎర్రగా పూసిన రోజు, మోదుగు విచ్చిన రోజు, రావిచెట్టుకు రాగిరంగు చిగురు వచ్చిన రోజు, కోయిల తొలి కూత, వేపపూత నేలరాలడం, మొదటి ముంజల బండి, రేలపూత. కళ్లారా చూసింది మాత్రమే రాయాలి. ఉగాదికి మామిడి పూత ఘుమఘుమలాడిందని రాసేవాళ్ల మీద నాకు పాత కోపం ఉంది. మన కోస్తా తోటల్లో పూత పుష్యమాఘాల్లోనే వచ్చేస్తుంది. ఉగాదికి పచ్చట్లో పడేది కాయ. చెట్టు చూడకుండా కవిత్వం చూసి రాస్తే ఇలాగే ఉంటుంది. చెట్టు విషయంలో అబద్ధం రాసినవాడు తన విషయంలో నిజం రాస్తాడా?

చూసింది రాశాక, ఆ కిందే, తన సంగతి రెండు మూడు వాక్యాలు. విశేషణాలు వద్దు, క్రియలు చాలు. ‘చాలా బాధగా ఉంది’ కాదు, ‘అన్నయ్యకు ఫోన్ చేద్దామని తీసి మళ్లీ పెట్టేశాను’. ఇక ఎడమ పేజీ మరుసటి ఏడాది అదే కార్తెలో, కుడి పేజీ చదివాక నింపాలి. ఆవకాయ పెట్టిన రోజే జాడీ ఖాళీ చేయం కదా, ఇదీ అంతే, ఊరాలి. వేపపూత రాలే వేళ ఫోన్ తీసి పెట్టేసిన సంగతి నిరుడూ ఉంది, ముందటేడూ ఉంది అనుకోండి. మూడో ఏడు లక్ష్యాల పట్టిక గీయాల్సిన పనుండదు. ఏం చేయాలో ఎడమ పేజీలో మీ చేతిరాతే చెబుతుంది. కొత్త లక్ష్యం పాత పేజీలో దొరుకుతుంది, తెల్ల పేజీలో కాదు. దీని కోసమే నేనింత గొంతు చించుకునేది.

వసంతంలో చేసుకునే సంకల్పాల చుట్టూ మనస్తత్వ శాస్త్రజ్ఞులూ తిరిగారు. హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒకే తేదీని కొందరికి మార్చి మూడో గురువారం అన్నారు, మరికొందరికి వసంతంలో తొలి రోజు అన్నారు. తమ సంకల్పం ఆ రోజున గుర్తుచేయమని కోరినవాళ్లు రెండో జట్టులోనే ఎక్కువ. మంచిదే. కానీ మొదలుపెట్టించడం వేరు, నిలబెట్టడం వేరు. నిలబెట్టేది రాతే.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పను. సిరా అవతలి పేజీకి దిగని కాగితం, కుట్టు బైండింగు ఉంటే చాలు. రాజమండ్రి రత్నం కలం దొరికితే మరీ మంచిది. గాంధీగారి మాట మీద తయారైన స్వదేశీ కలమని చెప్పుకుంటారు. చరిత్ర కూడా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మన దిక్కున పెద్ద దినచర్య అంటే పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్ళైది. 1736 సెప్టెంబరులో మొదలైంది, తమిళంలో. నల నామ సంవత్సరమూ ఇంగ్లీషు తేదీ పక్కపక్కనే కనిపిస్తాయి అందులో. రెండు తేదీల పద్ధతి మనకు కొత్త కాదనడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలు. గురజాడ డైరీలు రాశారు, ఎక్కువగా ఇంగ్లీషులో. కన్యాశుల్కం రాసిన చెయ్యి తన రోజుల్ని కూడా తెలుగులోనే రాసుకుని ఉంటే ఎంత బాగుండేదో! క్యోటోలో చెర్రీ పూల విందుల తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచీ దర్బారు డైరీల్లో దొరుకుతాయి. 2021లో అక్కడ మార్చి 26కే పూత ముదిరింది. 1200 ఏళ్ల లెక్కలో అంత తొందరగా అప్పటిదాకా ఎన్నడూ లేదట. తెలుగు దర్బారులు రోజుకొక ప్రబంధం విన్నాయి, వసంతాన్ని వేయి విధాల వర్ణించుకున్నాయి. ఒక్క మోదుగు పూతకైనా తేదీ వేసి ఉంటే!

ఇప్పుడు బజార్లో దొరికేది చూస్తే కడుపు మండుతుంది. ‘వసంతంలో కొత్త మీరు’ అంటూ గులాబీ రంగు అట్టలో ప్లానర్లు వస్తున్నాయి. పేజీకి మూడు చుక్కల గీతలు: నా కల, నా కృతజ్ఞత, నా మంత్రం. పక్కన నవ్వే బొమ్మల స్టిక్కర్లు. ఉగాది సీజన్ కదా అని ఆరు రుచులకు ఆరు గళ్లు గీసి, చేదు గడిలో ‘నేను వదిలేయాల్సినవి’ అని అచ్చేస్తారు. ప్రశ్నలన్నీ వాళ్లే వేసేశాక మనం రాసేది జవాబుపత్రం. సెల్‌ఫోన్ యాప్‌లు ఇంకో అడుగు ముందుకేశాయి. వరసగా ఇన్ని రోజులు రాశారంటూ పతకం ఇస్తాయి, ఒక్క రోజు మానితే లెక్క సున్నాకు దించి సిగ్గుపరుస్తాయి. తిమోతి నెలల తరబడి మట్టిలో పడుకుంది. దాని లెక్క ఎవరూ సున్నా చేయలేదు.

ఈడిత్ హోల్డెన్‌కు జరిగిన అన్యాయం తలచుకుంటే మరీ బాధ. 1906లో, తాను బొమ్మలు నేర్పే అమ్మాయిలకు నమూనాగా, ఆవిడ ఒక ప్రకృతి పుస్తకం రాసింది. చేతిరాత, నీటిరంగులు, అన్నీ ఆవిడవే. 1920 మార్చిలో థేమ్స్ ఒడ్డున చెస్ట్‌నట్ మొగ్గల కోసం వంగి నీళ్లలో పడి చనిపోయింది. వసంతాన్ని చూడబోయే ప్రాణం వదిలిన మనిషి. 1977లో పుస్తకం అచ్చయి లక్షల్లో అమ్ముడుపోయింది. వెంటనే ఆ బొమ్మల్ని కప్పుల మీద, పళ్లేల మీద, తువ్వాళ్ల మీద దించేశారు. చూసి రాయడం నేర్పడానికి పుట్టిన పుస్తకం, చూడకుండా కొనుక్కునే సరుకైపోయింది.

మన ఇళ్లలో జరుగుతున్నది అంతకన్నా తక్కువ నేరం కాదు. తాతగారి ట్రంకుపెట్టెలో పొలం లెక్కల పుస్తకం ఉంటుంది. ఏ కార్తెలో తొలివాన పడింది, నారు ఎప్పుడు పోశారు, ఆ వారమే ఏ పిల్లకు పెళ్లి కుదిరింది, అన్నీ ఒకే పేజీలో. డొరొతీ పక్కన నిలబెట్టదగ్గ రాత. ఇల్లు అమ్మేటప్పుడు దాన్ని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేస్తున్నారు. అయ్యా, అమ్మా, తూకం వేయించే ముందు ఒక్క పేజీ చదవండి. ఉంచుకోలేకపోతే వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికో ఉత్తరం రాసి అడిగి చూడండి. ఆ గ్రంథాలయాల పెద్దలకూ ఒక విన్నపం: అచ్చయిన పుస్తకాల పక్కన ఇలాంటి చేతిరాత లెక్కలకు ఒక్క బీరువా కేటాయించండి. బడిపంతుళ్లకు ఇంకొకటి. దేశమంతా పిల్లలు ఒక చెట్టు ఎంచుకుని వారం వారం ఆకు, పువ్వు, కాయ నమోదు చేసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. కేరళ బడులు అందులో ముందున్నాయి. మీ బడి ఆవరణలో వేపచెట్టు ఉండే ఉంటుంది. వచ్చే ఉత్తరాభాద్రలో పిల్లల్ని దాని కిందికి నోట్‌బుక్కులతో తీసుకెళ్లండి, స్టిక్కర్లు మాత్రం ఇంట్లో వదిలి రమ్మనండి.