పిట్ట ముట్టిన సినిమా

దావత్‌లో ఇంటల్లుడి కంచంలో నల్లి బొక్క పడలేదు. బావకూ బామ్మర్దికీ మాటకు మాట పెరిగింది. అల్లుడు అలిగి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆడబిడ్డ మళ్ళీ పుట్టింటి గడప తొక్కడానికి తండ్రి చావాల్సి వచ్చింది. 2023 మార్చి 3న విడుదలైన 'బలగం'లో గొడవంతా ఇదే. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళెవరూ దీన్ని చిన్న గొడవ అనరు. యాట కూరలో ఏ తునక ఎవరికి పడిందన్నది మర్యాద లెక్క. ఆ లెక్క తప్పి ఏళ్ళ తరబడి మాటల్లేని ఇళ్ళు జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ ఊళ్ళో అడిగినా చూపిస్తారు.

సినిమా తీసిన వేణు యెల్దండి సిరిసిల్ల మనిషి. 'మున్నా' (2007)లో వేసిన టిల్లు పాత్ర పేరే ఇంటిపేరై చాలాకాలం 'టిల్లు వేణు'గా చలామణి అయ్యాడు. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్'లో 'వేణు వండర్స్' అని ఒక జట్టు నడిపాడు. పదిహేనేళ్ళకు పైగా నవ్వించి బతికిన మనిషి, దర్శకుడిగా మొదటి సినిమాకు చావింటి కథ ఎత్తుకున్నాడు. తన తండ్రి పోయినప్పుడు చూసిన తంతే దీనికి మూలమని చెప్పుకున్నాడు. దిల్ రాజు సంస్థ డబ్బు పెట్టింది. ప్రియదర్శి తప్ప జనానికి బాగా తెలిసిన ముఖం దాదాపు లేదు.

'బలగం' గురించి రాసినవాళ్ళలో చాలామంది 'మట్టి వాసన' అన్న మాట వాడి ఊరుకున్నారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. యాస, కల్లు, బతుకమ్మ అద్దితే వచ్చే వాసన వేరు. అది ఏ కథ మీదైనా చల్లుకోవచ్చు. వేణు చేసింది అది కాదు. ఊరి తంతునే కథ నడిపే యంత్రం చేశాడు.

అప్పుల్లో మునిగిన సాయిలుకు పెళ్ళి కుదిరింది, కట్నం వస్తే గండం గట్టెక్కుతుంది. ఇంతలో అతని తాత, ఆ అలిగి వెళ్ళిన ఆడబిడ్డ తండ్రి కొమురయ్య పోయాడు. ఇక్కడి నుంచి సినిమాకు గడియారం దొరికింది: మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, కల్లుతో సహా తెచ్చి ఆరుబయట పెడతారు. బంధువులంతా దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి మెతుకు ముడితే, అంటే పిట్ట ముడితే, పోయిన మనిషి తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ బిడ్డను చూసుకుంటమనీ, నీ అప్పు తీరుస్తమనీ పైకే మాటిస్తారు.

కథ రాసేవాడి కళ్ళతో ఈ తంతును చూడండి. గడువుంది. అందరూ ఒకేచోట చేరి తీరాల్సిన నిర్బంధం ఉంది. లోపలి పగను నలుగురిలో నోటితో ఒప్పుకోవాల్సిన ఘట్టం ఉంది. ఒప్పుకుంటే చాలదు, తీర్పు చెప్పేది కాకి, దానికి లంచం పెట్టలేం. స్క్రీన్‌ప్లే పాఠాల్లో నేర్పేవన్నీ మన కర్మకాండలో ముందే అమరి ఉన్నాయి. కొమురయ్యకు పెట్టిన కూడు పిట్ట ముట్టదు. మూడో రోజూ ముట్టదు, ఐదో రోజూ ముట్టదు. థియేటర్లో జనం ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారంటే అది కెమెరా గొప్పతనం మాత్రమే కాదు.

రెండో సంగతి నవ్వు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఈ సినిమా నవ్విస్తుంది. శోకం పెడుతూ వచ్చిన మనిషి కన్ను తుడుచుకుని చాయ్ సంగతి అడగడం, ఏడుపు మధ్యలోనే పాత లెక్కలు బయటపడటం మన చావిళ్ళలో అందరూ చూసినవే. ఏడుపునూ నవ్వునూ ఒకే ఊపిరిలో నడపడం ఈ నేల మీద కొత్త విద్య కాదు. వేములవాడ పక్కన హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గు కథ చెప్పి రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నాడు.   ఒగ్గు కథకుడు ఎల్లమ్మ గోస చెబుతూ చెబుతూ, జనం కళ్ళలో నీళ్ళు తిరిగే వేళకు వంతపాటగాడితో ఒక మోటు జోకు వేయించి, మళ్ళీ వెంటనే గోసలోకి లాక్కుపోతాడు. పాత్ర మారడానికి వేషం అక్కర్లేదు, భుజం తిప్పితే చాలు. 'బలగం' తాళం నాకు ఆ తాళంలాగే వినిపిస్తుంది. వేణు తర్వాతి సినిమాకు 'ఎల్లమ్మ' అని పేరు పెట్టుకోవడం నన్నేమీ ఆశ్చర్యపరచలేదు.

ఇక పతాక సన్నివేశం. బుడగ జంగాలు వచ్చి, పోయిన మనిషి బతుకును పాటగా చెబుతారు. తెలంగాణలో ఇది వాళ్ళ వృత్తి: చావు జరిగిన ఇంటికి వచ్చి, పోయినవాడి పేరు, బిడ్డల పేర్లు, వాళ్ళ మంచీ చెడూ కథలో కలిపి పాడతారు. ఇంటివాళ్ళు ఏడ్చి, ఇవ్వగలిగింది ఇస్తారు. ఈ పాటకు వేణు సినీ గాయకులను పిలవలేదు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులను తెర మీదికి తెచ్చి, వాళ్ళ చేతనే పాడించాడు. పాట నడుస్తుంటే కథ ఆగదు, కథ నడిచేదే పాటలో. రెండు గంటలుగా ఒకరి ముఖం ఒకరు చూడని అన్నదమ్ములూ బావాబామ్మర్దులూ ఆ పాట ముందు కూలబడిపోతారు. మామూలుగా ఇలాంటి చోట మన సినిమాల్లో ఒక పెద్దమనిషి పేజీన్నర ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసాన్ని ఊరి కళాకారుల చేతికి అప్పగించడమే ఈ సినిమాలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం. సంగీతం చేసిన భీమ్స్ సిసిరోలియో కూడా ఆ గొంతులను నునుపు చేయకుండా వదిలేశాడు.

కీలకమైన చోట పాటకు చోటిచ్చింది వేణు ఒక్కడే కాదు. అదే 2023లో ఫిన్లాండ్ దర్శకుడు ఆకి కౌరిస్మాకి తీసిన 'ఫాలెన్ లీవ్స్' కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి గెలిచింది. 1983 నుంచి సినిమాలు తీస్తున్న ఆయన కథల్లో అంట్లు తోమేవాళ్ళు, చెత్త బండి తోలేవాళ్ళు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఉంటారు. వాళ్ళు మాట్లాడరు. ముఖం కదలదు, కన్నీరు కారదు. మాట్లాడాల్సిన చోట పబ్బులో ఒక బృందం పాటందుకుంటుంది, కెమెరా ఓపిగ్గా వింటుంది. 'ఫాలెన్ లీవ్స్'లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు పాడే పాట హీరో నోట రాని దిగులంతా చెప్పేస్తుంది. హెల్సింకీ మనుషులు నిశ్శబ్దం పాటిస్తారు, సిరిసిల్ల మనుషులు గుండెలు బాదుకుంటారు. అయినా ఇద్దరు దర్శకులూ కీలకమైన చోట పాత్రల నోరు మూయించి, ఆ ఊళ్ళో పాడేవాళ్ళకు చోటిచ్చారు. వేణు ఆయన సినిమాలు చూసి నేర్చాడని నేననడం లేదు. ఎవరి ఊరిని వాళ్ళు శ్రద్ధగా వింటే ఇలా కలుస్తారని మాత్రం అంటాను.

తెలంగాణ పల్లెను తెర మీద శ్రద్ధగా వినే ఈ దారి వేసినవాళ్ళు ముందే ఉన్నారు. బి. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి', ఆయన స్వయంగా తీసిన 'రంగుల కల', 'దాసి', 'మట్టి మనుషులు' లేకుంటే తెలంగాణ మనిషి తెర మీద రౌడీగానో నవ్వులాటకో మిగిలేవాడు. 1988 నాటి 'దాసి'కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో కళాదర్శకత్వానికి వచ్చినది, వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠానిది. కానీ నర్సింగరావు సినిమాలను ఎక్కువగా చూసింది ఉత్సవాలకు వెళ్ళేవాళ్ళూ ఫిల్మ్ సొసైటీల వాళ్ళూ. 'బలగం' ఊరి నడిమధ్య చూశారు. 2023 వేసవిలో పల్లెపల్లెనా గ్రామ పంచాయతీ ముందో బడి ఆవరణలోనో తెర కట్టి, చాపలు పరుచుకుని ముసలీ ముతకా కలిసి చూసి ఏడ్చారు. సినిమా చూశాక మాటలు కలిసిన అన్నదమ్ముల వార్తలు పత్రికల్లో వచ్చాయి.

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిని ఈ లెక్కలో ఎవరూ చేర్చరు, చేర్చాలి. 2012లో శ్రీరాం శ్రీకాంత్ అక్కడ 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. నటులు ఆ ఊరివాళ్ళే, సెట్టు ఆ ఊరి వాకిళ్ళే. చదువు రాని గంగవ్వకు మాటలు నోటితో చెప్పి నేర్పించారు. ఆమె 2020లో 'బిగ్ బాస్' దాకా వెళ్ళింది. మేకప్ లేని ముఖం, కూలి చేసిన చేయి, దిద్దని పలుకు చూడటానికి ఆ వీడియోలు ప్రేక్షకులను ఏళ్ళ తరబడి అలవాటు చేశాయి. 'బలగం' వచ్చేసరికి కొమురయ్య ఇంటి మనుషులు ఎవరికీ వింతగా తోచలేదంటే అందులో లంబాడిపల్లి వాటా ఉంది.

లోపాలూ చెప్పుకోవాలి. పదకొండో రోజు పిట్ట ముట్టి తీరాలన్న పంచాయతీ బెదిరింపు బిగువు కోసం అతికించినట్టుంది. పిట్ట భయం ఉన్న ఊళ్ళో ఆ బెదిరింపు అవసరమే లేదు. సాయిలు, అతని మేనత్త కూతురు సంధ్యల ప్రేమ పలుచన. అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఆ ఇంటి ఆడబిడ్డ లక్ష్మి సంగతి. మగవాళ్ళ పట్టింపుకు పుట్టిల్లు పోగొట్టుకున్నది ఆమె. నీకేం కావాలని ఆమెను గొడవ పడ్డ మగవాళ్ళు అడగలేదు, సినిమా కూడా పెద్దగా అడగలేదు.

'ఊరు పల్లెటూరు' పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ అవార్డు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ గద్దర్ అవార్డుల్లో 2023 ఉత్తమ చిత్రం ఇదే. పతాక సన్నివేశంలో పాడిన మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు.

కోరుట్లలో, మెట్‌పల్లిలో ఫోన్లతో షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలకు ఒక విన్నపం. మీ చుట్టూ బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళ మగవాళ్ళు దుబాయిలో, మస్కట్‌లో ఉన్నారు. అక్కడ పోయిన మనిషి పెట్టెలో ఇల్లు చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. మూడో రోజు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? పిట్టకు ఎప్పుడు పెట్టాలి? వేణుకు దొరికిన గడియారం ఆ ఇళ్ళలో పనిచేయదు. ఆ సినిమా ఇంకా రాలేదు. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి తీసేదాకా చూడకండి, మీరే తీయండి.