పాటకవి నిజాయితీ – కొన్ని ఆలోచనలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి పాటలు రాస్తున్న యువకులు తమ రాతప్రతులు నాకు చూపిస్తుంటారు. వాటిలో ఆవేశానికి కొదువ లేదు. బాణీ కుదురుతుంది, పల్లవి నోటికెక్కుతుంది. అయినా పాట ముగిసేసరికి ఎవరి గురించి విన్నామో చెప్పలేం. ఊరి పేరు మార్చి పక్క ఊళ్ళో పాడుకోవచ్చు. నాయకుని పేరు మార్చి ఎదుటి పార్టీ సభలోనూ పాడుకోవచ్చు. ఎన్నికలప్పుడు జరుగుతున్నదీ అదే. పొట్టకూటికి అలాంటి పాట రాయక తప్పనివాణ్ణి నేను తప్పుపట్టను. కాని కూలికి రాసినదాన్ని ప్రజాపాట అని చెప్పుకోకూడదు.

నిజాయితీ అంటే మంచి ఉద్దేశం ఉండటమేనని చాలామంది అనుకుంటారు. ఉద్దేశం కవి మనసులోది. పాటలో అది వస్తుపరిజ్ఞానంగా కనిపించాలి. జనగామకు దగ్గరలోని సుద్దాలకు చెందిన హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాటను పరిశీలించండి. జీతానికి కుదిరిన పసివాడు అందులో వస్తువు. భూస్వామ్యం మీద ఉపన్యాసం లేదు. చాలీచాలని చింపిరి అంగీ ఉంది, గోనెసంచి కొప్పెర ఉంది. వినేవాడికి ఆ పిల్లవాడు కళ్ళకు కడతాడు. దోపిడీ అంటే ఏమిటో వినేవాడు తానే గ్రహిస్తాడు.

ఇక ధైర్యం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాటకాలంలోనే బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' పాట కట్టాడు. అది నిజాం సర్కారును చాటుమాటుగా తిట్టిన పాట కాదు. ఎదుట నిలబెట్టి 'నువ్వు' అని పిలిచి నిలదీసిన పాట. అప్పటికి రాజ్యం ఇంకా నిజాందే. యాదగిరి ఆ పోరాటంలోనే అమరుడైనాడు.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. ఆ పాట 1979లో నిర్మించిన 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతుతో కొత్త తరానికి చేరింది. నిజాం లేని కాలంలోనూ జనం దాన్ని తమ శత్రువులకు అన్వయించి పాడుకున్నారు. మరి పేరు మార్చి పాడగలిగిన పాట బలహీనమని ఎలా అంటాం? తేడా పాట పుట్టుకలో ఉంది. యాదగిరి ఒక కాలాన్ని, ఒక శత్రువును పట్టుకొని నిండుగా రాశాడు. జనం తర్వాత దాన్ని తమదిగా చేసుకున్నారు. ఖాళీ జాగా వదిలి రాసిన పాటను మాత్రం డబ్బిచ్చినవాడు తన పేరుతో నింపుకుంటాడు.

భూపాలపల్లి మిత్రుల పాటల్లో బొగ్గు ఎప్పుడూ 'నల్లబంగారం', కార్మికుడు ఎప్పుడూ 'నల్లసూర్యుడు'. ఈ మాటలు అరిగిపోయాయి. బొగ్గుబాయిలోకి దిగేవాడి నోట నలిగే మస్టరు, షిఫ్టు, పైకప్పు కూలుతుందన్న భయం పాటలోకి రావాలి. అంతకంటే కష్టమైనది మరొకటుంది. ఓపెన్‌కాస్టు గనికి భూమి కోల్పోయిన రైతు, గని జీతం మీద బతికే కార్మికుడు ఒక్కోసారి ఒకే ఇంటివాళ్ళు. యాజమాన్యాన్ని తిట్టే పాటకు ఇద్దరూ చప్పట్లు కొడతారు. తమ ఇద్దరి మధ్య ఉన్న వైరుధ్యాన్ని విప్పే పాటకు ఇద్దరూ ముఖం ముడుచుకోవచ్చు. ధైర్యం కావలసింది ఆ పాట రాయడానికి.

మహబూబాబాద్ తండాల మీద రాసే బయటి కవులు కొందరు లంబాడీల తెలుగును వంకరగా పలికించి నవ్విస్తున్నారు. దాన్ని జానపదం అనడం అన్యాయం, అది వెక్కిరింత. తండా నుంచి వచ్చిన కవి తన గోర్‌బోలీలో రాయడానికి సంకోచించనక్కరలేదు. ఈ జనగామ నేల మీదనే పాల్కురికి సోమనాథుడు దేశి ద్విపదను చేపట్టాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు వంటి ప్రజల పాటల పేర్లను 'పండితారాధ్య చరిత్ర'లో నమోదు చేశాడు. ప్రజల భాషను గౌరవించడం మనకు కొత్త పాఠం కాదు.

గుర్తింపు మాటకొస్తే, జనగామ సమీపంలోని రేబర్తిలో పుట్టిన అందెశ్రీని (1961–2025) తలచుకోవాలి. బడి చదువు లేదు; పశువులు కాశాడు, తాపీపని చేశాడు. ఆయన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమంలో ఊరూరా మోగింది. రాష్ట్రం 2014లో ఏర్పడినా, రాష్ట్రగీతం హోదా 2024లో గాని దక్కలేదు. ఆ పదేళ్ళూ పాటను బతికించింది జనం నోరే.

కనుక యువకవులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎవరి గురించి రాశారో వాళ్ళ ముందే పాటను మొదట పాడండి. పని తెలిసినవాళ్ళు మాట సవరిస్తే దిద్దుకోండి. ఇబ్బంది కలిగించే నిజం ఉన్నందుకు ఆ చరణం తీసెయ్యమంటే మాత్రం తీసెయ్యకండి.